ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపు

సూది మూడోసారికి నరాన్ని పట్టుకుంది. నర్సు నాగకుమారి గట్టిగా ఊపిరి వదిలి, దాని మీద ప్లాస్టరు అంటించి, "దొరికిందండీ, ఇంక చెయ్యి కదపకండేం" అంది. కదపను, అనుకుంది భాగ్యం. నేనెందుకు కదుపుతాను, ఇప్పుడిక ఎవరొచ్చి పట్టి లాగినా కదపను. ఎడమవైపు రొమ్ము తీసేశారు కాబట్టి ఆ చేతికి సూది గుచ్చకూడదట, బరువంతా కుడిచేతిదే. కొట్లో మూటలు ఎత్తిన చెయ్యి, లెక్కలేనన్ని సార్లు తూకం సరిచూసిన చెయ్యి, నాలుగు విడతల మందు తాగి దాని నరాలు ఎండిన తీగల్లా బిగుసుకుపోయాయి, అయినా ఐదో విడతకు మళ్ళీ తనే చాచి పెట్టింది. పైన కొక్కేనికి వేలాడే సీసాలో మందు ఎర్రగా ఉంది, ఎండాకాలం సర్బత్తు బండి మీద పెట్టిన సీసాలా కంటికి ఇంపుగా ఉంది, తెలియనివాళ్ళు చూస్తే అది విషమని అనుకోరు. చుక్క కదిలింది. గొట్టంలో జారి జారి మణికట్టు దగ్గర చల్లగా లోపలికి దిగింది. అయిపోయింది, ఇక వెనక్కి తీసేది లేదు. బయట ఆస్పత్రి వాకిట్లో బావ చెంగల్రాయన్, మొగుడి అన్న, కారు ఆపుకుని కూర్చున్నాడు, వరండా బల్ల మీద మొగుడు ఆదికేశవన్ కూర్చున్నాడు, ఇద్దరూ తన కోసమే చూస్తున్నారు, "డాక్టరుతో ఒక మాట చెప్పేసి వస్తా" అని లోపలికి వచ్చిన మనిషి ఇంకా రాలేదేమా అని. అబద్ధం చెప్పలేదు తను. డాక్టరు త్యాగరాజన్ గదిలోకి వెళ్ళి ఒక మాటే చెప్పింది. "ఎక్కించండి" అంది. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి సరేనన్నాడు. అంతే.

ఇదంతా నిన్న సాయంత్రం తమ ఊరు కిరుమాంబాక్కంలో, ఇంటి నడవాలో మొదలైంది. కాదు, నిన్న మొదలైందేమీ కాదు, నిన్న తేలింది. కొండల్లో ఒక వైద్యుడున్నాడట, వేళ్ళతో ఆకులతో ఎంతటి గడ్డనైనా కరిగిస్తాడట, ఒక మండలం రోజులు అక్కడే ఉండాలట, ఆయన పెట్టిందే తినాలట. ఒకటే షరతు, ఇంగ్లీషు మందు పూర్తిగా మానేసి రావాలి, మానని వాళ్ళను గడప తొక్కనివ్వడు. బావ ఈ మాటలన్నీ నిలబడే చెప్పాడు, కూర్చోలేదు, పంచె చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ చెప్పాడు. "నేను పోయి చూసొస్తి. ఆయన దగ్గర బతికిన వాళ్ళను చూస్తి. రేపే పోదాం" అన్నాడు. ఆదికేశవన్ తల ఊపాడు. అన్నగారి మాటకు తల ఊపడం తప్ప ఆ మెడకు వేరే పని నేర్పినవాళ్ళు లేరు. భాగ్యం ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఆడది ఏమీ అనకపోతే సరేనన్నట్టు, అది తాతల నాటి లెక్క. తర్వాత ఆదికేశవన్ పెట్టె తెరిచి ఆమె చీరలు తనే మడత పెట్టసాగాడు. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క తుండుగుడ్డైనా మడిచిన మనిషి కాదు, అంచులు కలవవు, కొంగు జారిపోతుంది, మళ్ళీ విప్పి మళ్ళీ మొదలుపెడతాడు, ఒక్కో చీరా పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెడతాడు. నోటిదాకా వచ్చిన మాట ఆ చేతుల్ని చూసి ఆగిపోయింది. కొట్టేవాడికి బదులు చెప్పొచ్చు, చీర మడిచేవాడికి ఏం చెబుతాం?

"ఐసు ముక్క పెట్టుకోండి, నోరు పుండు పడకుండా ఉంటది" అని నాగకుమారి గిన్నె అందించింది. యానాం పిల్ల, ఇక్కడికి వచ్చి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. మొదటిసారి ఈ గదిలో భాగ్యం నొప్పికి "అమ్మా, సచ్చిపోతినే" అన్నప్పుడు ఆ పిల్ల చటుక్కున తిరిగి చూసి, "మీరు తెలుగోళ్ళాండీ?" అంది, కళ్ళు వెలిగిపోయాయి. మర్నాడు ఇంటి నుంచి తెలుగు వారపత్రిక ఒకటి తెచ్చి ఇచ్చింది. భాగ్యం దాన్ని తిప్పి తిప్పి చూసింది, అక్షరాలు గుండ్రంగా, ముత్యాలు పోసినట్టు ఉన్నాయి, ఒక్కటీ తెలియదు. "నాకు చదవను రాదమ్మా, మేం ఇంట్లో మాట్లాడేదే, రాసేదంతా తమిళమే" అంటే ఆ పిల్ల నమ్మలేదు. ఆపైన తనే పక్కన కూర్చుని కథ ఒకటి చదివి వినిపించింది. సగం మాటలు భాగ్యానికి కొత్త, అయినా చెవికి హాయిగా ఉండింది. ఐసు ముక్క నాలుక మీద కరుగుతోంది. ఇప్పుడు కడుపులో మొదలవుతుంది, తెలుసు, మొదట లోహపు రుచి, తర్వాత గొంతులో వేడి, ఆ తర్వాత ఎక్కడి నుంచో ఒక అల. రానీ. ఊపిరి లోపలికి మెల్లగా, పట్టకుండా, బయటికి ఇంకా మెల్లగా. అల వస్తే అల మీదికి ఎక్కు, కింద పడితే నీళ్ళు తాగుతావు.

ఆ మాట మణియమ్మది. వైతికుప్పంలో సముద్రానికి ఎదురుగా ఒక హాలుంది, పైకప్పు రేకులది, వాకిట్లో వలలు ఆరేసి ఉంటాయి, చేపల వాసనలోనే చాపలు పరుచుకుని పది పన్నెండు మంది ఆడవాళ్ళు శనివారం ఉదయాన కూర్చుంటారు, అందరికీ తల మీద గుడ్డే, ఒకరిని చూసి ఒకరు సిగ్గుపడే పని లేదు. మణియమ్మ బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఆమెకూ ఈ రోగమే వచ్చి పోయింది, ఈలకు బదులు గొంతుతోనే పని నడుపుతుంది. మొదటిరోజు భాగ్యం అడిగింది, ఇట్ల ఊపిరి పీల్చి వదిలితే గడ్డ పోతుందా టీచర్ అని. మణియమ్మ నవ్వలేదు. "పోదు. గడ్డను చంపేది డాక్టరు మందే. అది చంపుతున్నంతసేపు నువ్వు నిలబడి ఉండాల గదా, దానికి ఇది" అంది తమిళంలో. ఆ ఒక్క జవాబుకే భాగ్యం ఆమెకు దాసోహమంది. గడ్డ పోతుంది అని చెప్పి ఉంటే ఆ క్షణమే లేచి వచ్చేసేది. కొట్లో కూర్చుని ఇంతకాలం పురుగుమందు అమ్మిన మనిషికి ఏ సరుకు ఎంతవరకు పనిచేస్తుందో చెప్పేవాళ్ళ మీదే నమ్మకం.

కడలూరు రోడ్డు మీద ఎరువుల కొట్టు తనది, నాయన నుంచి వచ్చింది. ఒక పక్క యూరియా, పురుగుమందు డబ్బాలు, ఇంకో పక్క వేపపిండి, ఆముదపు పిండి బస్తాలు, మధ్యలో తను. వచ్చే రైతుల్లో రెండు రకాలు. ఒకడు డబ్బామందే వేదం అంటాడు, పురుగు కనిపించినా కనిపించకపోయినా కొట్టేస్తాడు, రెండు పంటలకు నేల బూడిద చేసుకుంటాడు. ఇంకొకడు మందు వాసనే పడదంటాడు, ఆకులో పురుగు నవ్వుతూ ఉంటే వేపపిండి చల్లి దేవుడికి మొక్కి ఇంటికి పోతాడు, కోతకు కాడలే మిగులుతాయి. ఇద్దరినీ తిట్టి పంపేది తను. పురుగును మందుతో చంపు నాయనా, నేలను పిండితో బతికించు, రెండిటికీ తగాదా ఎవరు పెట్టారు మీకు అనేది. నవ్వేవాళ్ళు కొందరు, వినేవాళ్ళు కొందరు. తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి కూడా ఆ రెండు రకాల వాళ్ళే ఎదురయ్యారు, ఒకరు తెల్ల కోటులో, ఒకరు తెల్ల పంచెలో.

తెల్ల కోటు డాక్టరుతో యుద్ధం రెండో విడత తర్వాత జరిగింది. బావ ఎక్కడి నుంచో నల్లటి పొడి తెచ్చాడు, తేనెలో కలిపి పొద్దున్నే మింగాలి, ఒంటికి బలమన్నాడు. మింగింది. నిజంగానే బలం వచ్చినట్టు అనిపించింది కూడా, కొట్టుకు పోయి రెండు పూటలు కూర్చోగలిగింది. తీరా మూడో విడతకు వస్తే రక్తం పరీక్షలో లివరు దెబ్బతిందని తేలింది. మందు ఎక్కించేది లేదు పొమ్మన్నారు. ఏం తింటున్నావని డాక్టరు అడిగాడు, ఆమె ఇంటికి పోయి వైరు బుట్టలో అన్నీ వేసుకుని మర్నాడు వచ్చింది. పొడి, ఎండబెట్టిన ఆకుల మాత్రలు, అల్లం మురబ్బా, కాళ్ళకు రాసుకునే నువ్వుల నూనె, అన్నీ ఆయన బల్ల మీద వరసగా పెట్టింది, శనివారం ఊపిరి క్లాసు సంగతి కూడా చెప్పింది. త్యాగరాజన్ ముఖం ఎర్రబడింది. "ఇక మీద ఇవేవీ వద్దు. అల్లం వద్దు, నూనె వద్దు, ఆ ఊపిరి ఆటలూ వద్దు. మేమిచ్చిందే తినండి, చాలు" అని బుట్టను మోచేత్తో పక్కకు తోశాడు. అల్లం మురబ్బా సీసా దొర్లి కిందపడబోతే ఆమె పట్టుకుంది. అప్పుడు వచ్చింది కోపం, ఆపరేషను రోజు రాని కోపం, జుట్టంతా దువ్వెనకు ఊడివచ్చిన రోజు రాని కోపం. "డాక్టరయ్యా, పొడి నా లివరును తినేసిందంటే పారేస్తా, ఇప్పుడే పారేస్తా. నూనె ఏం తినేసింది? నా ఊపిరి ఏం తినేసింది? అన్నిటినీ ఒకే తాడుతో కట్టి బావిలో వేయమంటే నేను వేయను. ఒక్కొక్కటే తీసి చూడండి, ఇది ఎందుకు వద్దో చెప్పండి, వింటా. మీకు తెలియదంటే తెలియదనైనా చెప్పండి" అంది. ఇప్పుడు పొమ్మంటాడు, వేరే ఆస్పత్రి చూసుకొమ్మంటాడు అనుకుంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని పొడి డబ్బా మూత తీశాడు.

ఇందులో ఏముందో చేసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు, పాదరసం ఉన్నా ఉండొచ్చు, ఇది చెత్తబుట్టకు. ఆకుల మాత్రలు, ఇవి మా మందుతో లోపల కొట్లాడతాయో లేదో నాకు తెలియదు, తెలియనిది నేను ఒప్పుకోను, చికిత్స అయ్యేదాకా వద్దు. అల్లం, కొద్దిగా అయితే సరే, వాంతికి మంచిదే. నూనె రాసుకోండి, ఆపరేషను చేసిన పక్క మాత్రం గట్టిగా రుద్దవద్దు. ఊపిరి, అని ఆగాడు, "ఎంత కావాలంటే అంత" అన్నాడు, అనేసి తనే కొంచెం నవ్వాడు. "కానీ నాకు చెప్పకుండా ఏదీ నోట్లో వేసుకోకూడదు." "మీరు అడగండి, నేను చెప్తా" అంది ఆమె. "అడగనివాళ్ళకు ఎవరు చెప్తారు?" ఆనాటి నుంచి గదిలోకి అడుగు పెట్టగానే ఆయన మొదటి ప్రశ్న అదే, ఏం తింటున్నారమ్మా కొత్తగా అని. పొడి మానేశాక రక్తం దారికి వచ్చింది, మూడో విడత ఆలస్యంగానైనా ఎక్కింది. ఆ యుద్ధంలో తను ఒక పొడిని పోగొట్టుకుని ఒక డాక్టరును సంపాదించుకుంది. అది తలచుకుంటే ఇప్పటికీ నడుము నిటారు అవుతుంది.

అల వచ్చింది. ఊపిరి, లోపలికి. కళ్ళు మూసుకుంటే పొన్నమ్మాళ్ కనిపిస్తోంది. అక్కా, ఇప్పుడెందుకు వచ్చావు? బావ భార్య పొన్నమ్మాళ్, తన తోడికోడలు. కొత్తగా కాపురానికి వచ్చిన భాగ్యానికి ఆ ఇంట్లో మొదట అన్నం పెట్టిన చెయ్యి అది, అత్త తిడితే తలుపు చాటుకు లాక్కుపోయి నవ్వించిన నోరు అది. పెద్ద మనిషి, పెద్ద నవ్వు, వాకిట్లో నవ్వితే వీధి చివర వినపడేది. నాలుగేళ్ళ కిందట ఇదే ఆస్పత్రిలో కాదు గానీ ఇలాంటి గదిలోనే, ఇలాంటి కుర్చీలోనే కూర్చుంది. మూడు విడతలు ఎక్కాయి, నాలుగోదానికి మనిషి లేదు. బావ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఊడిన జుట్టును తనే ఏరాడు, వాంతి గిన్నె తనే పట్టాడు, పోయినప్పుడు మాత్రం ఏడవలేదు, గోడకు తిరిగి నిలబడ్డాడు. ఆయన చూసింది ఇదే గదా, ఎర్ర మందు లోపలికి పోవడం, మనిషి బయటికి పోవడం. మధ్యలో ఏం జరిగిందో ఆయనకు ఎవరు చెప్పారు? ఆనాటి నుంచి ఆస్పత్రి ముందు నుంచి బస్సు పోతే కళ్ళు మూసుకునే మనిషి, భాగ్యానికి గడ్డ అని తెలిసిన రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆపరేషనుకు ఒప్పుకున్నాడు, ఈ మందుకు ఒప్పుకోలేక ఇన్నాళ్ళు పళ్ళు బిగబట్టాడు, నాలుగో విడతలో ఆమె నేల మీద పడిపోవడం చూశాక బిగబట్టిన పళ్ళు విడిపోయాయి. కొండకు పోయి వెతుక్కుని వచ్చాడు. చెడ్డవాడైతే ఎంత బాగుండు. చెడ్డవాణ్ణి ఎదిరించడం ఎంత సులువు. ఈయన ప్రేమతో చంపడానికి వచ్చాడు.

చెప్పాలా వద్దా అక్కా? నువ్వే చెప్పు. చివరి వారంలో ఒకరోజు మధ్యాహ్నం బావ భోజనానికి పోయినప్పుడు పొన్నమ్మాళ్ చెయ్యి పట్టుకుంది, అప్పటికి ఆ చేతిలో ఎముకలే. "భాగ్యం, గడ్డ నాకు ఏడాదిన్నర ముందే తెలుసు. గోరంత ఉన్నప్పుడే తెలుసు. ఆయనకు యాడ చూపించేదే, ఎట్ల చెప్పేదే, సిగ్గయింది. పుండు పడినాక చెప్తి. ఆయనకు చెప్పొద్దు, తెలిస్తే తన వల్లే అని కూలిపోతాడు" అంది. ఒట్టు వేయించుకుంది. భాగ్యం వేసింది. చచ్చిపోయే మనిషి అడిగితే ఎవరు కాదంటారు? ఆ మాటను నాలుగేళ్ళు ఇంట్లో, కొట్లో, వంటింట్లో, బావకు అన్నం వడ్డిస్తూ, లోపలే పెట్టుకు మోసింది. మోసినందుకు ఫలం కూడా దక్కింది. స్నానం చేస్తూ చేతికి గోరంత గట్టిగా తగిలిన రోజు తడిబట్టతోనే బయటికి వచ్చి మొగుడిని పిలిచి చెయ్యి పట్టి అక్కడ పెట్టించింది, ఇది చూడండి, ఇదేందో చూడండి అని. ఆదికేశవన్ భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంటే మళ్ళీ పట్టి పెట్టించింది. అక్క దాచింది కాబట్టే తను దాచలేదు. అక్క ఇచ్చిన ప్రాణం ఇది. దాన్ని ఇప్పుడు కొండ మీదికి తీసుకుపోయి ఆకుల కింద పారేయమంటున్నారు.

"భాగ్యం."

కళ్ళు తెరిచింది. ఆదికేశవన్. చెప్పులు బయట విడిచి వచ్చాడు, గుళ్ళోకి వచ్చినట్టు. సీసాను చూశాడు, గొట్టాన్ని చూశాడు, ఆమె చేతిని చూశాడు.

"ఏంది ఇది?"

"మందు."

"నిన్న ఏమీ అనలే గదా నువ్వు. సరేనంటివని..."

"సరే అనలే. ఏమీ అనలే, అంతే. మీరు చీరలు మడత పెడతా ఉంటిరి, ఎట్ల అనేది?"

అన్నకు ఏం చెప్పేది నేను అన్నాడు ఆయన, ఆ గొంతులో కోపం లేదు, దారి తప్పిన భయమే. పక్క కుర్చీలోని ఆమె, ఎవరో తమిళం మనిషి, నోట్లో ఐసు ముక్క కదపడం ఆపి చూస్తోంది. "మీరేమీ చెప్పొద్దు. బావను ఇక్కడికి రమ్మనండి" అంది భాగ్యం. "ఇక్కడికా? అన్న ఇట్లాంటి గదిలో కాలు పెట్టడు." "మరదలు ఉంటే పెడతాడు. పోయి పిలవండి." ఆయన పోయాడు. సీసా సగానికి దిగింది. ఊపిరి, లోపలికి. రాకపోతే? వచ్చి చెయ్యి పట్టి లాగితే? ఆయన అంతటి పని చేయడు, ఆయన ఆడదాని మీద చెయ్యి ఎత్తిన మనిషి కాదు, గొంతు ఎత్తితే చాలు ఇల్లంతా ఒకప్పుడు నిశ్శబ్దమయ్యేది, అంతే. ఆ నిశ్శబ్దంలోనే తను కూడా ఇంతకాలం బతికింది, కొట్లో పులి, ఇంట్లో పిల్లి.

చెంగల్రాయన్ వచ్చి గుమ్మంలో ఆగాడు. లోపల వరసగా కుర్చీలు, వరసగా సీసాలు, తలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. నాలుగేళ్ళ కిందటి గదిలోకే మళ్ళీ వచ్చినట్టున్నాడు. ఆమె వైపు చూడలేదు, సీసా వైపే చూసి, "దాన్ని తీసెయ్యమ్మా" అన్నాడు నాగకుమారితో.

"మధ్యలో తియ్యకూడదండీ. పేషెంటు గారు చెప్తేనే తీస్తామండి" అంది ఆ పిల్ల, బెదరకుండా.

"తీయొద్దు" అంది భాగ్యం.

"నీకు తెల్దు భాగ్యం. నా కండ్ల ముందర ఒకతె ఇట్లే కూర్చునింది. ఇట్లే, ఇదే ఎరుపు. దీంతోనే పోయింది. ఇంగొకతెను నేను దీనికి ఇయ్యను." సీసా వైపు వేలు చూపించాడు. "ఆ కొండాయన చెప్పినాడు, ఇది మానితే బతుకుతావని."

"బావా, నేను ఆకులు వద్దనే మనిషిని కాదు. అల్లం తింటా ఉండా, నూనె రాస్తా ఉండా, సముద్రం దగ్గర కూర్చొని ఊపిరి పీలస్తా ఉండా, అన్నీ మా డాక్టరుకు చెప్పే చేస్తా ఉండా. మీ కొండాయన కూడా దీనితో పాటు చేసేది ఏమన్నా ఉంటే తెమ్మనండి, డాక్టరుకు చూపించి చేసుకుంటా. ఇది మానితేనే అది అనేవాడు వైద్యుడు కాదు బావా, పంతగాడు. నా ప్రాణం మీద వాడి పంతమేంది?"

"మరి నా పెండ్లాన్ని ఏది తినింది? చెప్పు! ఏది తినింది?"

ఆ గదిలో అన్ని కళ్ళూ ఇటే. మాటలు అర్థం కాకపోయినా విషయం అందరికీ తెలిసింది. భాగ్యం మందు దిగుతున్న మణికట్టును చూసుకుంది. అక్కా, నీకు వేసిన ఒట్టును ఇప్పుడు తీసేస్తున్నా. నువ్వు ఆ మాట దాచుకునే పోయావు, నేను బతికి ఉండి దాన్ని బయట పెడతా. కోపమొస్తే కలలోకి వచ్చి తిట్టు, పడతా.

"ఆలస్యం తినింది బావా. అక్కకు ఏడాదిన్నర ముందే తెలుసు. గోరంత ఉన్నప్పుడే తెలుసు. సిగ్గుపడి మీకు చెప్పలే. పుండు పడినాకే చెప్పింది. అప్పటికి రోగం ఎముకల్లోకి పాకిపోయింది. మందు చంపలే, మందు వచ్చేటప్పటికి చంపేది చంపేసింది."

చెంగల్రాయన్ ఆమెను అప్పుడు చూశాడు, మొదటిసారి. "ఎవురు చెప్పినారు నీకు?"

"అక్కే."

ఆయన చెయ్యి గోడ కోసం వెతుక్కుంది, గోడ దొరికింది. ఇన్నేళ్ళుగా ఒక శత్రువును పెట్టుకుని బతికిన మనిషి, ఎర్రటి సీసాలో కూర్చున్న శత్రువు, ఒక్క మాటతో ఆ శత్రువు పోయి దాని స్థానంలో భార్య సిగ్గు వచ్చి నిలబడింది, దానికి పక్కనే తను, ఎన్నడూ ఏమైందని అడగని తను. ఇదంతా ఆయన ముఖం మీద జరుగుతుండగా భాగ్యం చూసింది, చూడలేక కూడా చూసింది, తల తిప్పుకుంటే ఆ మాట సగమే చెప్పినట్టవుతుంది. ఓదార్చాలని నాలుక చివరి దాకా వచ్చింది, మింగింది. ఓదారిస్తే మళ్ళీ పెట్టె కట్టమంటాడు. నిలబడు భాగ్యం. పడిపోయినా కుర్చీలోనే పడు. ఆయన వెనక్కి తిరిగాడు, గుమ్మం తగిలి భుజం దెబ్బ తిన్నా ఆగలేదు. వెనకే ఆదికేశవన్ కూడా పోయాడు. పోతాడు, పోకేం చేస్తాడు, అన్న నీడ గదా ఆయన. తలుపు మూసుకుంది.

అల మీద అల. గిన్నె అందుకుని నాగకుమారి వీపు రాసింది, ఏమీ రాలేదు, ఉత్త నీళ్ళే. పక్క కుర్చీ ఆమె చెయ్యి చాచి, భాగ్యం మోకాలి మీద రెండుసార్లు తట్టింది, ఐసు ముక్కతో బుగ్గ ఉబ్బి ఉంది, ఏదో అనబోయి అనలేక నవ్వింది. కారు చప్పుడు కోసం చెవి ఒగ్గింది భాగ్యం. కొండకు ఆయన ఒక్కడే పోతాడా, ఇంటికి పోతాడా, తన మొగుడిని కూడా ఎక్కించుకుని పోతాడా. పోతే పోనీ. బస్సు ఉంది, కడలూరు బస్సు ఏ పూటైనా దొరుకుతుంది, మందు రోజు తల తిరిగినా కిటికీ సీటు ఇచ్చే పుణ్యాత్ములుంటారు. ఇంటికి పోతే తలుపు తీయకపోతే? కొట్టు తాళం తన కొంగునే ఉంది. యూరియా బస్తాల మధ్య పడుకున్న రోజులున్నాయి, నాయన ఉన్నప్పుడు ఆ బస్తాల మీదే పాఠాలు చదివింది, అక్కడే పడుకుంటుంది, ఆరో విడతకు అక్కడి నుంచే వస్తుంది. ఇది అనుకున్నాక ఎందుకో కడుపు కొంచెం నెమ్మదించింది. ఎవరూ లేకపోయినా వస్తాననే మాట లోపల ఎక్కడో గట్టిగా ఆనింది, అడుగున రాయి తగిలినట్టు.

తలుపు తెరుచుకుంది. ఆదికేశవన్. ఎక్కడి నుంచో ఒక స్టూలు మోసుకొచ్చాడు, దాన్ని ఆమె కుర్చీ పక్కన వేసి, సరిగ్గా నిలబడిందో లేదో చేత్తో ఊపి చూసి, కూర్చున్నాడు.

"బావ యాడ?"

"కారులోనే. తల స్టీరింగు మీద పెట్టుకోని ఏడస్తా ఉండాడు. వదిన పోయినప్పుడు కూడా అన్న ఏడవలే భాగ్యం." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "కొండకు పోదాం రా అన్నాడు మొదట. నేను రానంటి."

"ఎవురితో అంటిరి?"

"అన్నతోనే."

ఆమె ఆయన ముఖం చూసింది. అన్నతో రానని అన్న ముఖం అది, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె ఎన్నడూ చూడనిది, భయపడే ఉంది, అయినా అక్కడే ఉంది. "ఏడవనీండి బావను. ఇది అయినాక నేనే పోయి పక్కన కూర్చుంటా" అని మాత్రం అంది.

పైన సీసాలో ఎరుపు అడుగంటింది. నాగకుమారి వచ్చి గొట్టం బిగించి, ఆమె ముఖం చూసి కొంచెం జంకింది. "ఎర్రది అయిపోయిందండీ. ఇంకా తెల్ల మందు సీసా ఒకటి ఉంది. బాగా వాడిపోయారు, ఓ గంట ఆగి మొదలెట్టమంటారా? డాక్టరు గార్ని అడగనా?"

ఆదికేశవన్ భార్య వైపు చూశాడు. భాగ్యం చెమటను ఎడమచేత్తో తుడుచుకుంది, కుడిచేతిని దిండు మీద సరిగ్గా పరిచింది.

"ఆగేదెందుకు తల్లీ" అంది. "తగిలించు."